మోటారుకారు బేరము

తెలుగు పాఠములు చెప్పి తల నెరసిన పండితుడు మోటారుకారు బేరమును గూర్చి ప్రసంగింపబూనుట మీకు వింతగా తోచవచ్చును. నాకును వింతగానే యున్నది. కాని నే నుద్యోగము విరమించిన పిదప మా బెల్లంపల్లిలో నా యింటికి వచ్చి పద్యమున కర్థ మడిగినవారు వ్రేళ్ళమీద లెక్కింపదగినంత మందియే. “సారూ, కారు తెచ్చుకుంటున్నం, మంచి రోజు చూడుండ్రి” అని వచ్చినవారు అంతకు పదింతలు. నేను పంచాంగము తీసి, తిథివారనక్షత్రములు చూచి చెప్పి పంపుచుంటిని. ధర యెంత, బిల్లులో నేమేమి వ్రాసిరి అని యొక్కరినైన నడిగినవాడను గాను. అది వ్యాపారుల గొడవ, మనకేల యనుకొంటిని.

ఆ యనుకొనుటకు తగిన రుసుము నేనే చెల్లించితిని. 2019లో ఉద్యోగ విరమణ చేసినపుడు వచ్చిన సొమ్ముతో ఒక చిన్న కారు కొంటిని. అమ్మిన సంస్థ పేరుతో మనకు పని లేదు. విజయదశమినాడు జరీయంచు ధోవతి కట్టి, కండువా వేసికొని, భార్యతోడను మనుమనితోడను షోరూములో నడుగిడి, ఎదురువచ్చిన యువకునితో నే నాడిన మొదటి మాట యిది: “నాయనా, పదకొండుంబావు లోపల బండి వాకిలి దాటవలెను, తరువాత వర్జ్యము వచ్చును.” ఆ మాటతోనే నా బేరము ముగిసినది. పదకొండుంబావు లోపల కదలి తీరవలసిన మనుష్యుడు ధర యెక్కువయని లేచిపోగలడా? ఆ యువకుడు బుద్ధిమంతుడు. చిరునవ్వు నవ్వి, కాగితము ముందు పెట్టి, కలము చేతి కిచ్చెను. అందు ఎనిమిదో తొమ్మిదో పంక్తు లుండెను. నేను చివరి పంక్తి మాత్రము చదివి సంతకము చేసితిని.

నెల తిరుగక మునుపే నా తోటి యుపాధ్యాయు డొకడు అదే బండి కొని, తన కాగితము నా కాగితము ప్రక్కన పెట్టి చూపెను. నేను 41,000 రూపాయలు ఎక్కువ యిచ్చితిని. అది నా నెల పింఛనుకంటె మిక్కిలి. శిష్యులకు ప్రతిపదార్థము వ్రాయకున్న మార్కులు తగ్గించినవాడను, నా సొమ్మునకు సంబంధించిన కాగితమునకు తాత్పర్యమైన చూచుకొనలేదు గదా యని ఆ రాత్రి నిదుర పట్టలేదు.

ఏల అడుగలేదని నన్ను నేనే ప్రశ్నించుకొంటిని. సిగ్గు. చదువుకొన్నవాడు బేరమాడుట చిన్నతన మను నొక భావము మాబోటి యిండ్లలో ఉగ్గుబాలతో పోయుదురు. కాని మా చిన్ననాట అంగడిలో ఎడ్లబేరము నేను చూడనిదా? కొనువాడు ఎద్దు నోరు తెఱచి పండ్లు లెక్కించును, నడిపించి చూచును, కాడి కట్టి చూచును. పిదప ఇరువురును తువ్వాల క్రింద చేతులు కలిపి వ్రేళ్ళతో ధర చెప్పుకొందురు. ప్రక్కనున్నవానికి తెలియదు. కుదిరినను కుదురకున్నను కలసి చాయ త్రాగి పోవుదురు. అందు సిగ్గు లేదు, కోపము లేదు. రెండెకరముల రైతునకు లేని సిగ్గు ఏడులక్షల బండి కొను పండితున కెక్కడనుండి వచ్చినది?

శాస్త్రమైన నాకు తోడు రాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రములో వర్తకునకు స్వదేశపు సరుకు మీద నూటికి అయిదు, పరదేశపు సరుకు మీద నూటికి పది లాభముగా విధించెను. అనగా ధరలో సరుకు వెల యెంత, వర్తకుని పాలెంత యని విడదీసి యడుగుట రాజనీతిలోని భాగమే. నడుమ కొంతకాలము మన దేశమున కారుకు బేరమే లేకుండెను. 1959 నాటి యుత్తరువుచే కార్ల పంపిణీయు అమ్మకమును ప్రభుత్వపు అదుపులో నుండెను. డబ్బు కట్టి యేండ్లతరబడి వేచియుండుటయే బేరము. 1983 డిసెంబరులో మారుతి బండి వచ్చెను. 1993లో కార్ల పరిశ్రమకు లైసెన్సుల కట్టు తీసివేసిరి. ఆ తరువాతనే కొనువాని చుట్టు అమ్మువాడు తిరుగు దినములు వచ్చినవి. మనము మాత్రము ఇంకను పాత వరుసలో నిలిచినవారివలె, బండి యిచ్చుటయే మహోపకార మన్నట్లు చేతులు కట్టుకొని నిలుచుచున్నాము.

మా ప్రాంతపు సంగతి తెలియని శ్రోతలకు రెండు మాటలు చెప్పవలసియున్నది. బెల్లంపల్లి నేటి మంచిర్యాల జిల్లాలోనిది; కాజీపేట–బల్లార్షా రైలుదారి మీది బొగ్గు పట్టణము. సింగరేణి సంస్థ తన కార్మికులకు లాభములలో కొంత వాటాను దసరా ప్రాంతమున పంచిపెట్టుట ఆచారము. 2025లో ఆ వాటా 34 శాతము; శాశ్వత కార్మికునికి సగటున 1,95,610 రూపాయలని ప్రకటించిరి. కాంట్రాక్టు కార్మికునకు 5,500. శాశ్వత కార్మికులకు దీపావళి బోనసు వేఱు. అది ఆ యేడు 1,03,000 రూపాయలు. ఈ యంకెలు పత్రికలలో పడును. కాబట్టి బాయి దిగి పనిచేయువాని చేతికి ఎంత వచ్చునో, ఎప్పుడు వచ్చునో, వాని భార్యకంటె ముందు కార్లమ్మువానికి తెలియును. పండుగ నెలలో గని గేట్ల ముందర గుడారములు లేచును. వాటి ప్రక్కనే అప్పులిచ్చువారి బల్లలు. రాత్రి షిఫ్టు దిగి నిదురకండ్లతో వచ్చు మనుష్యుని చేతిలో రంగు కాగితము పెట్టుదురు. ఎదుటివాని సంచిలో నెంతయున్నదో తెలిసి యాడు బేరము బేరము కాదు, కోత.

ఇప్పుడు నేను చెప్పదలచినది నా శిష్యు డొకని కథ. వాని తండ్రి ఇరువదియెనిమిదేండ్లు భూగర్భములో పనిచేసి, ఊపిరి చెడి, వైద్యపరీక్షలో అనర్హుడై దిగిపోగా, ఆ యుద్యోగము కొడుకునకు వచ్చెను. తండ్రిని తఱచు కరీంనగరము ఆసుపత్రికి తీసికొనిపోవలెను. బస్సులో దగ్గు తెరతో ఆ వృద్ధుడు పడు యాతన చూడలేక, కిరాయి కార్లకు పెట్టలేక, వాడు సొంత బండి కొన నిశ్చయించెను. 2025 దసరాకు పదిదినములు ముందు వచ్చి, “సారూ, పండుగ నాటికి దినం చూడుండ్రి” అనెను. “దినము చూడను, కాగితము చూచెదను, తెమ్ము” అంటిని.

వాడు తెచ్చిన కాగితము పైభాగమున ఎఱ్ఱని యక్షరములతో “మీకు 60,000 తగ్గింపు” అని యుండెను. వాని ముఖము వెలిగిపోవుచుండెను. ఇక్కడ కొంచెము లెక్క చెప్పుదును, విసుగు చెందకుడు. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న కార్లపై జి.ఎస్‌.టి. తగ్గెను. నాలుగు మీటర్ల లోపు పొడవును 1,200 సి.సి. లోపు ఇంజినును గల పెట్రోలు బండికి అంతకుముందు పన్ను 28, సెస్సు 1, మొత్తము నూటికి 29, తరువాత 18. వాడు కోరిన బండి క్రొత్త ధర 6,50,000. దీనిలో పన్ను తీసివేసి, పాత పన్ను కలిపి చూడగా 7,10,000 పై చిల్లర వచ్చును. భేదము 60,000 చిల్లర. “నాయనా, ఈ తగ్గింపు షోరూమువా డిచ్చినది కాదు, ప్రభుత్వ మిచ్చినది. నీవు ఎవ్వరియొద్ద కొన్నను వచ్చును. వాడు తన సంచిలోనుండి తీసినది ఈ మూలనున్న 5,000 మాత్రమే, అదియు ఇచ్చునో లేదో” అంటిని. వాని ముఖము చిన్నబోయెను. దీపావళి దాటువఱకు ఆగుమని చెప్పి పంపితిని. పండుగ సందడిలో షోరూము నిండియుండగా తగ్గింపుమని యడుగుట జాతరలో కొబ్బరికాయ బేరమాడుటవంటిది.

అక్టోబరు చివరి వారములో మేమిరువురము వెళ్ళితిమి. నెలాఖరు, నెలకింత యమ్మవలెనను లెక్క పూర్తిచేసికొను తొందర వారికి, పండుగ గడచినది గాన హాలు ఖాళీ. మా వద్దకు వచ్చిన అమ్మకపు యువకుడు నన్ను చూచి అదరిపడి లేచి, “సార్, నమస్తే సార్” అనెను. వాడును నా శిష్యుడే! ఇద్దఱును ఒక్క తరగతివారు. వీడు రెండవ బల్ల. వాడు కిటికీప్రక్క చివరి బల్ల. వాని తండ్రియు బొగ్గు పనియే చేసెను గాని కాంట్రాక్టు కూలిగా. కొడుకునకు దక్కిన యుద్యోగ మేదియు లేదు. బల్ల కావల నొకడు, ఈవల నొకడు, నడుమ నేను. సామదానభేదదండములు వల్లించుకొనుచు వచ్చిన నా కత్తి ఆ క్షణమున మొక్కవోయినది.

అయినను కాగితము తీసితిమి. దానికి నేను పద్యమునకు వలెనే పదవిభాగము చేయించితిని. “ఆన్‌రోడ్ ధర” అనునది పెద్ద సమాసము. విగ్రహవాక్యము చెప్పకున్న అర్థము కాదు. మొత్తము 8,22,600. అందు బండి ధర 6,50,000. జీవితకాలపు పన్ను 91,000. తెలంగాణములో అయిదు లక్షలు దాటి పది లక్షల లోపు కారుకు నూటికి 14 గాన లెక్క సరియే, అది కదలదు. బీమా 38,400. రిజిస్ట్రేషను ఖర్చులు 6,500. ఫాస్టాగు 600. “బేసిక్ కిట్” 14,900. “హ్యాండ్లింగ్” 8,500. పొడిగించిన వారంటీ 12,700.

కదలని పంక్తులు విడిచి కదలువానిని పట్టుకొంటిమి. బీమాలో రెండు పాళ్ళున్నవి. ఎదుటివాని కగు నష్టమునకు చేయు థర్డుపార్టీ బీమా, క్రొత్త కారుకు మూడేండ్లకు ఒకేసారి కట్టవలెనని 2018లో సుప్రీంకోర్టు ఆజ్ఞ. దాని వెల ప్రభుత్వము నిర్ణయించినది; వేయి దాటి పదునైదువందల సి.సి. లోపు బండికి 2022 నాటి యుత్తరువు ప్రకారము 10,640 రూపాయలు, దానిపై పన్ను. అది యెచ్చట కొన్నను ఒక్కటే. మిగిలిన భాగము, అనగా మన బండికగు నష్టమునకు చేయు బీమా, కంపెనీకొక వెల. నా శిష్యుడు ముందురాత్రియే అదే బీమాను, అవే షరతులతో, మఱియొకచోట అడిగి 27,900 అని వ్రాయించుకొని వచ్చియుండెను. “బయట తీసుకుంటే క్లెయిముకు కష్టమైతది” అని అమ్మకపు యువకు డనెను. బీమా కంపెనీకి ఏయే గ్యారేజీలతో ఒప్పందమున్నదో చూచుకొన్న చాలును, ఎవరు అమ్మిరను దానితో దానికి నిమిత్తము లేదని నేను నెమ్మదిగా చెప్పితిని. వాడు తల వంచుకొనెను.

రిజిస్ట్రేషనుకు కేంద్ర నియమముల ప్రకారము రుసుము 600, అప్పు నమోదుకు 1,500, కార్డుకు 200; రాష్ట్రపు సేవారుసుములు కలిపినను 6,500 కాదు. “హ్యాండ్లింగ్” అనగా నేమని యడిగితిని. “గోడౌను నుంచి తెచ్చేందుకు సార్” అనెను. అంగడివాడు కంది పప్పు బస్తా కొట్లోనుండి దుకాణములోనికి మోసినందుకు మనతో కూలి యడుగునా? ఈ పదమునకు ఏ నిఘంటువులోను అర్థము లేదు, ఏ ప్రభుత్వపు రసీదును లేదు. ఇది పాదపూరణము, చ, తు, హి, వై వంటిది.

నేను నవ్వితిని గాని వాడు నవ్వలేదు. మేనేజరు కొంచెము దూరము పోగా, నే నడిగితిని: “నిజము చెప్పు బిడ్డా, ఇందులో ఏది కొట్టివేసిన నీ కడుపు మీద పడును?” వాడు గొంతు తగ్గించి, “హ్యాండ్లింగు నాది కాదు సార్, షాపుది. నాకు ఇన్సూరెన్సు, వారంటీ, మ్యాట్లు... గివి లెక్కకొస్తయి. జీతం పన్నెండు వేలు సార్” అనెను. బండి ధరలో విక్రేతకు మిగులునది ఒంటి యంకె శాతమే. ఆ కొఱతను బీమాలోను అప్పులోను అలంకారములలోను పూడ్చుకొందురు. ఆ పూడ్చు పని యీ పన్నెండువేల జీతగాని భుజముల మీద పెట్టుదురు. ఈ మర్మము నాకు 2019లో తెలియదు. నాడు నాకు కాగితము చేతికిచ్చిన చిరునవ్వు యువకుని జీత మెంతయో నే నడుగనే లేదు.

అప్పుడు మాకు దారి దొరికెను. బయటి వెలకు సరిపోల్చి యిచ్చినచో బీమా వానియొద్దనే తీసికొందుమంటిమి. మేనేజరుతో మాటలాడి 28,500కు తెచ్చెను. ఆఱువందల భేదము వానికి విడిచితిమి. కిట్టులోని అత్తరుసీసాలు, మెఱుగు పూతలు, మెడదిండ్లు వలదని, కాళ్ళక్రింద పఱచు మ్యాట్లును బురదరేకులును 2,800కు తీసికొంటిమి. వారంటీ యుంచితిమి. రిజిస్ట్రేషను 4,000 చేసిరి. హ్యాండ్లింగు దగ్గఱ మేనేజరు స్వయముగా వచ్చి కూర్చుండెను. “అందరూ కడుతున్నరు సార్” అనెను. “అందఱిలో నేనును ఒకడను, 2019లో కట్టితిని” అని చెప్పి, మఱియొక షోరూమువారు 12,000 తగ్గింపుతో వ్రాసియిచ్చిన ధరకాగితము బల్లమీద పెట్టి, ఇక మాటలాడుట మానితిని. ఉపాయములు నాలుగే యని జనము తలతురు. ఏడు కలవు, అందు ఉపేక్ష యొకటి. ఊరకుండుట బడిపంతులకు మిక్కిలి కష్టమైన పని. అయిదు నిమిషములు గోడమీది గడియారము చూచుచు కూర్చుంటిని. పిదప మేము లేచితిమి. మెట్లు దిగుచుండగా మా పాత విద్యార్థి పరుగెత్తుకొని వచ్చి, “రాండ్రి సార్, ఒప్పుకున్నరు” అనెను.

హ్యాండ్లింగు పోయెను, 12,000 తగ్గింపు వచ్చెను. మొత్తము 7,77,600, అనగా 45,000 దిగినది.

ఇదంతయు ఒక్క యూపులో మఱల పోబోయినది. లాభాల వాటా, బోనసు కలిపి 2,77,600 కట్టి, మిగిలిన అయిదు లక్షలు అప్పు తీసికొనవలెనని వాని తలంపు. అప్పుల బల్లవాడు, “నెలకు 10,379 ఎందుకు సార్, ఏడేండ్లకు పెడితే 8,044 పడుతది” అనెను. నా శిష్యుడు సంతోషముతో నావైపు చూచెను. నెలకు 2,300 తగ్గుట కంటికి కనబడును. కాని నూటికి 9 వడ్డీపై అయిదేండ్లకు కట్టునది మొత్తము 6,22,751. ఏడేండ్లకు 6,75,000 దాటును. భేదము 53,000. రెండుగంటలు గొంతెండ మేము దింపినది 45,000! 2024 అక్టోబరు 1 నుండి అప్పిచ్చువారు వార్షిక వడ్డీ, మొత్తము ఖర్చు, అన్నియు ఒక్క పత్రములో వ్రాసి ముందుగా ఇచ్చి తీరవలెనని రిజర్వుబ్యాంకు ఆజ్ఞ యున్నది. ఆ పత్ర మడిగి తీసికొని, ఇంటికి పోయి చదివి, అయిదేండ్లకే సంతకము చేయించితిని. మఱియొక మాట. “ఫ్లాట్ వడ్డీ 7” అని యెవరైన ననిన మురియవలదు. అయిదేండ్లకు లెక్కించినచో అది తరుగు బాకీపై పండ్రెండున్నర చుట్టు పడును.

కుదిరిన ధరను షోరూమువారిచేత అదే దినమున ముద్రవేయించి వ్రాయించుకొంటిమి. బుకింగు కాగితము వెనుక చిన్నయక్షరములతో “బండి యిచ్చు నాటి ధరయే వర్తించును” అని యుండును. మీరు భూతద్దము పెట్టియైన చదువుడు. రిజిస్ట్రేషనుకు ముందే యార్డునకు పోయి బండి చూచితిమి. పదునేడక్షరముల చాసిస్ సంఖ్య కాగితముతో సరిపోల్చి, తయారైన నెల యేదో అడిగి, టైర్లు, అద్దములు, రంగు చూచి, మీటరు తిరిగిన దూరము వ్రాసికొంటిమి. ఎద్దు పండ్లు చూచినట్లే.

అన్నియు అయిన తరువాత మాత్రమే పంచాంగము తీసితిని. కార్తికములో మంచి దినము దొరికెను. ఆషాఢములోను పితృపక్షములోను బండి యింటికి తెచ్చుకొనరు, మంచిదే. ఆ దినములలో షోరూములు ఈగలు తోలుకొనుచుండును గాన, ధర అప్పుడు కుదుర్చుకొని బండి శ్రావణములోనో విజయదశమికో తెచ్చుకొనుడని ఇప్పుడు నా యొద్దకు వచ్చువారికి చెప్పుచున్నాను. ముహూర్త మేనాడో మాత్రము షోరూములో ఎవ్వరికిని చెప్పవలదని కూడ చెప్పుచున్నాను.

బండి తెచ్చిన సాయంకాలము వాని యింటికి నన్ను పిలిచిరి. గుమ్మడికాయ కొట్టి, చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టిరి. అమ్మిన శిష్యుడును తన మోటారుసైకిలుపై వచ్చి మిఠాయి తిని, తన తరగతివానితో ఫోటో తీయించుకొనెను. వృద్ధుని ముందు సీటులో కూర్చుండబెట్టగా, అతడు తలుపు వేయించి, అద్దము దింపించి, కొంతసేపు దగ్గు అణచుకొని, నన్ను దగ్గఱకు పిలిచెను.

“పంతులూ, మొత్తం ఎంత పడ్డది?”

చెప్పితిని. ఎంత దింపితిమో కూడ కొంచెము గర్వముగనే చెప్పితిని.

అతడు సీటును అఱచేతితో తట్టి చూచి, “అంగట్ల నేనుంటే ఇంకో అయిదు వేలు తగ్గిత్తుంటి” అనెను. పిమ్మట కొడుకును పిలిచి, ఎల్లుండి కరీంనగరమునకు ఎన్ని గంటలకు బయలుదేరవలెనో అడుగసాగెను.